ఇంట్లో కట్టుకునే మిషనుకు స్పిండిల్: ఏ బేరింగు, ఏ కప్లింగు, ఎలా బిగించాలి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు చిన్న వర్క్‌షాపులు నడిపేవాళ్లు తరచూ అడిగేది ఒకటే. చిన్న మిల్లింగ్ మిషనో, స్లాట్లు కొట్టే మిషనో సొంతంగా కట్టుకుంటున్నాం, స్పిండిల్‌కు (కట్టరును పట్టి తిప్పే ఇరుసుకు) ఏ నెంబరు బేరింగు వేయాలి, దాన్ని మోటారుకు కలపడానికి ఏ కప్లింగు పెట్టాలి అని.

నెంబరు చెప్పడం తేలికే. కానీ బేరింగు ఎంత మంచిదైనా అది కూర్చునే సీటు బాగుంటేనే పనిచేస్తుంది. సీటు 0.03 మి.మీ. లూజుగా ఉంటే పీ4 క్లాసు (చాలా కచ్చితమైన, ఖరీదైన రకం) బేరింగు వేసినా వృథా. సీటు సరిగ్గా కుదిరితే ట్రాక్టర్ స్పేర్ల కొట్లో దొరికే మామూలు టేపర్ బేరింగుతోనే ఇనుము శుభ్రంగా కోసుకోవచ్చు. అందుకే డబ్బులు ముందు గ్రైండింగుకూ బోరింగుకూ పక్కన పెట్టండి. మిగిలినదాన్ని బట్టి బేరింగు కొనండి.

ముందు పని ఏమిటో తేల్చుకోండి

చెక్క లేతు, మంచం కోళ్లు, బొమ్మలు తిప్పేవాళ్లకు ముందు 6206, వెనక 6205 చాలు. నిమిషానికి 1,500 తిరుగుళ్ల లోపైతే యూసీపీ 206 పిల్లో బ్లాకులతోనూ (హౌసింగుతో కలిపి వచ్చే బేరింగులు) పని జరుగుతుంది. రైసు మిల్లులకు, జీడిపప్పు యూనిట్లకు అవే వాడతారు కాబట్టి ఎక్కడైనా దొరుకుతాయి. ఇనుము కోసే మిషనుకు మాత్రం పిల్లో బ్లాకు వద్దు. అందులో గ్రబ్ స్క్రూ బిగించగానే షాఫ్టు ఒక పక్కకు జరుగుతుంది. బయటి రింగు వీపు బంతిలా గుండ్రంగా ఉండి హౌసింగులో ఊగుతుంది. కట్టరు పడగానే చాటరింగ్ (కట్టరు దడదడ అదరడం) మొదలవుతుంది.

ఇనుము, పోత ఇనుము, ఇత్తడి కోయాలి, వేగం 2,500 దాటదు అంటే టేపర్ రోలర్ 30206 రెండు తీసుకోండి. ఎక్కువ మందికి సరిపోయేది ఇదే, కింది కొలతలన్నీ దీనికే ఇస్తున్నాం.

అల్యూమినియం, ఎంగ్రేవింగ్, సన్న కట్టర్లకు 4,000 నుంచి 6,000 తిరుగుళ్లు కావాలంటే 7206 యాంగ్యులర్ కాంటాక్టు బేరింగులు వీపులు కలిపి జంటగా ముందు వేసి, వెనక 6205ను హౌసింగులో అటూ ఇటూ జరిగేలా వదలాలి. జంటగా వేయడానికి తయారైన యూనివర్సల్ మ్యాచింగ్ రకమే అడగండి. మామూలు 7206లు రెండు కొని పక్కపక్కన పెడితే మధ్య ఖాళీ ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు.

కౌంటరు దగ్గర ఒక జాగ్రత్త. బాల్ బేరింగు అడిగితే మోటార్లకు వాడే సీ3 రకం చేతిలో పెడతారు. 6206లో మామూలు రకానికి లోపలి ఖాళీ 5 నుంచి 20 మైక్రాన్లు (మి.మీ.లో వెయ్యో వంతులు), సీ3కి 13 నుంచి 28. స్పిండిల్‌కు అంత ఖాళీ పనికిరాదు. పెట్టె మీదా రింగు మీదా సీ3 అని ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

కావలసినవి

- 30206 టేపర్ బేరింగులు 2 (30×62×17.25 మి.మీ.). కప్పు (బయటి రింగు), కోను (రోలర్లతో ఉన్న లోపలి రింగు) ఒకే పెట్టెలోవి కావాలి. ఒక కంపెనీ కప్పులో మరో కంపెనీ కోను వేయకండి.
- షాఫ్టుకు ఎన్8 లేదా ఎన్19 ఉక్కు రౌండు, 45 మి.మీ. వ్యాసం, 290 మి.మీ. పొడవు.
- హౌసింగుకు 90 మి.మీ. రౌండు, 210 మి.మీ. పొడవు. పదిన్నర కిలోల దాకా తూగుతుంది.
- కేఎం6 నట్లు 2 (ఎం30×1.5).
- ఈఆర్-32 కాలెట్ నట్టు, కాలెట్లు (కట్టరును చుట్టూ బిగించి పట్టే చీలిక గొట్టాలు).
- లిథియం గ్రీజు, 2వ నెంబరు. కొత్త డబ్బా.
- 0.01 డయల్ గేజీ, మాగ్నెట్ స్టాండు, 25–50 మైక్రోమీటరు. 0.002 లివర్ డయల్ అరువు దొరికితే ఇంకా మంచిది.

బేరింగుల కోసం రాయగడ, గుణుపురం వాళ్లు విజయనగరం, విశాఖ వెళ్తారు. పర్లాకిమిడి వాళ్లకు శ్రీకాకుళం, బరంపురం దగ్గర. ఎక్కడ కొన్నా అధీకృత డీలరు బిల్లు తీసుకోండి. నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ఎస్‌కేఎఫ్ పెట్టె అసలైనదో కాదో ఆ కంపెనీ ఆథెంటికేట్ యాప్‌లో ఫోటోలు పంపి అడగవచ్చు. ఎన్‌బీసీ, టిమ్‌కెన్ టేపర్లు కూడా ఈ పనికి బాగా సరిపోతాయి. పేరు తెలియని పెట్టెలో సగం ధరకు ఇస్తున్నారంటే వదిలేయండి.

అడుగులు

1. బేరింగు చేతికొచ్చాకే షాఫ్టు గ్రైండింగుకు ఇవ్వండి. మామూలు క్లాసు టేపర్ బేరింగు లోపలి వ్యాసం 30.000 నుంచి 12 మైక్రాన్ల దాకా తక్కువ ఉండవచ్చు. అందువల్ల "30 మి.మీ. చేయండి" అంటే సరిపోదు, కోను తీసుకెళ్లి చూపించాలి. క్రాంక్‌షాఫ్టులు గ్రైండింగ్ చేసే షాపులో ఈ పని చేయగలరు. ముందు సీటు 30.002 నుంచి 30.011 మధ్య ఉండాలి, కోను కొద్దిగా ప్రెస్ చేస్తేనే ఎక్కాలి. వెనక సీటు కోను రంధ్రం కన్నా రెండు మూడు మైక్రాన్లు తక్కువగా, నూనె రాస్తే చేత్తో జారేలా ఉండాలి. నట్టు తిప్పినప్పుడు వెనక కోను కదలకపోతే ప్రీలోడ్ (ఖాళీ పోయాక బేరింగులకు ఇచ్చే కొద్దిపాటి బిగుతు) పెట్టడం కుదరదు. రెండు సీట్ల మధ్య భాగాన్ని 29.8కి తగ్గించేయండి.

బ్రైట్ బారు (మెరుపు చేసి అమ్మే ఉక్కు కడ్డీ) కొని నేరుగా బేరింగులో దూర్చడం చాలామంది చేసే తప్పు. బ్రైట్ బారు 30 అని అమ్మినా 0.05 దాకా తక్కువ ఉండవచ్చు. చేతికి బిగుతుగానే అనిపిస్తుంది, కట్ పడగానే కోను షాఫ్టు మీద పాకుతుంది. నెల తిరిగేసరికి సీటు నల్లగా మెరుస్తూ అరిగిపోయి ఉంటుంది.

2. హౌసింగును నేరుగా ఒకే బోరుగా చేయించండి. ముందు 62, వెనక 52 అని రెండు సైజులు పెట్టుకుంటే పనిని తిప్పి పట్టాలి. తిప్పి పట్టాక రెండు సీట్లు ఒక గీతలోకి రావడం కష్టం. ముందూ వెనకా 30206 వేయమన్నది ఇందుకే. మొత్తం 62 మి.మీ. బోరు ఒకేసారి వేసి, రెండు కప్పుల మధ్య స్పేసరు గొట్టం పెడితే చాలు. ఇంజను సిలిండర్లు బోరింగు, హోనింగు (రాళ్లతో బోరు నునుపు చేయడం) చేసే షాపులో 62 మి.మీ. అంటే రోజువారీ సైజు. ఫైనల్ కొలత 62.000 నుంచి 62.010. నూనె రాసి బొటనవేళ్లతో నొక్కితే కప్పు మెల్లగా దిగాలి.

హోనింగులో రాళ్లు చివర దాటి బయటికొస్తే బోరు మూతి వెడల్పవుతుంది. మన బేరింగులు కూర్చునేది సరిగ్గా అక్కడే. అందుకే 180 మి.మీ. హౌసింగుకు 210 ముక్క తీసుకోమన్నాం. హోనింగు అయ్యాక రెండు వైపులా 15 మి.మీ. చొప్పున కోసేసి, బోరును ఆధారంగా మాండ్రెల్ (బోరులో దూర్చే కడ్డీ) మీద పట్టి మొహాలు తీయించండి. బోరు గేజీతో ముందు, మధ్య, వెనక మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలవమనండి. తేడా 0.01 దాటితే సరిచేయమని అడగండి, మొహమాటపడకండి.

3. స్పేసరు. బయట 61.8, లోపల 54, పొడవు సుమారు 110. రెండు చివరలూ 0.01 లోపు సమాంతరంగా ఉండాలి. వంకరగా ఉంటే కప్పు ఒరుగుతుంది, చేత్తో తిప్పితే ఒక చోట బిగుతు, ఒక చోట వదులు తెలుస్తుంది.

బేరింగుల మధ్య దూరం, ముందు బేరింగు నుంచి కట్టరు వైపు పొడుచుకొచ్చే భాగానికి మూడింతల దాకా ఉంటే మేలు. ముక్కు 50 మి.మీ. దాటనివ్వకండి. ముక్కు పెరిగేకొద్దీ వంగడం చాలా వేగంగా పెరుగుతుంది, దాన్ని ఏ బేరింగూ ఆపలేదు.

4. కప్పుల దిశ చూసుకోండి. కారు ముందు చక్రం హబ్‌లో ఉన్నట్టే ఇక్కడా ఉండాలి. కప్పుల మందం వైపు లోపలికి, స్పేసరును ఆనుకుని. కోన్ల సన్న వైపులు ఒకదాన్నొకటి చూస్తూ. తిరగేసి వేసినా మిషను తిరుగుతుంది, అందుకే తప్పు వెంటనే తెలియదు. వేడెక్కి షాఫ్టు సాగినకొద్దీ బేరింగు ఇంకా బిగిసి, గంటలో కాలిపోతుంది. చెప్పిన దిశలో వేస్తే షాఫ్టు సాగడం బిగుతును కొంత తగ్గిస్తుంది.

5. ఎక్కించడం. ముందు కోనును 80 నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేయండి. నూనెలో ముంచి కాచవచ్చు, హాట్ ప్లేటు మీదా పెట్టవచ్చు. 120 దాటనివ్వకండి, గ్యాసు టార్చి అసలు వద్దు. వేడి కోను ఒక్క నెట్టుకు భుజం దాకా జారాలి. చల్లారేదాకా అక్కడే నొక్కి పట్టుకోండి, లేకపోతే భుజానికీ కోనుకూ మధ్య సన్న సందు మిగులుతుంది. వానాకాలంలో షాఫ్టును ఫ్రిజ్‌లో పెట్టే పద్ధతి మానేయండి. బయటికి తీయగానే చెమ్మ పట్టి సీటు మీద తుప్పు చుక్కలు వస్తాయి.

కప్పును గొట్టంతో నొక్కేటప్పుడు గొట్టం కప్పు అంచునే తాకాలి. ఏ బేరింగైనా దెబ్బ రోలర్ల మీదుగానో బాల్స్ మీదుగానో పోతే ట్రాకు మీద గుంటలు పడతాయి. ఆ బేరింగు అక్కడితో పోయినట్టే, మొదటి రోజు నుంచే గరగర వినిపిస్తుంది.

గ్రీజు మితంగా. రోలర్ల మధ్య నిండేలా రాయండి, హౌసింగు ఖాళీలో మూడో వంతు దాటకూడదు. నిండా కూరితే గ్రీజు చిలికి బేరింగు వేడెక్కుతుంది. చాసిస్ గ్రీజు, నల్ల గ్రాఫైట్ గ్రీజు వద్దు.

ముందూ వెనకా మూతలు బిగించి కప్పులు, స్పేసరు కలిపి కదలకుండా చేయాలి. మూతను చేత్తో ఆనించినప్పుడు హౌసింగుకూ మూతకూ మధ్య 0.05 సందు కనిపించాలి. సందు లేదంటే మూత కప్పును తాకడం లేదు.

6. ప్రీలోడ్. తొందరపడకూడని చోటు ఇదే.

నట్టు వదులుగా ఉంచి, డయల్‌ను షాఫ్టు ముక్కు మొహం మీద, షాఫ్టు పొడవు దిశలో ఆనించండి. షాఫ్టును కొంచెం తిప్పుతూ ముందుకూ వెనక్కీ నెట్టి ఎండ్ ప్లే (షాఫ్టు పొడవు దిశలో ఉన్న ఆట) చూడండి. తిప్పకుండా నెడితే రోలర్లు సర్దుకోక తప్పుడు లెక్క వస్తుంది. నట్టు తిప్పుతూ ప్లే 0.02కి తెచ్చుకోండి.

ఎం30×1.5 నట్టు ఒక చుట్టుకు 1.5 మి.మీ. కదులుతుంది. 0.01 మి.మీ. కదలాలంటే 2.4 డిగ్రీలు తిప్పాలి. కేఎం6 నట్టు బయటి వ్యాసం 45 కాబట్టి నట్టు అంచు దగ్గర అది దాదాపు 1 మి.మీ. అవుతుంది. ఉన్న ప్లే 0.02 పోవాలి, దాని మీద 0.01 ప్రీలోడ్ రావాలి, అంటే అంచు దగ్గర 3 మి.మీ. నట్టు మీదా షాఫ్టు మీదా మార్కరుతో గీతలు పెట్టి అంతే తిప్పండి. స్పానరుకు ఎంత బలం పట్టిందో చూసి అంచనా వేస్తే ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

రెండో నట్టు లాకుగా బిగించగానే మొదటి నట్టు మరలో ఉన్న ఖాళీ మేరకు సెట్టింగు మారుతుంది. మొదటి నట్టును ఒక స్పానరుతో పట్టుకుని రెండోది బిగించండి, వెంటనే మళ్లీ చూడండి. మూడు నాలుగు సార్లు చేయాల్సి రావచ్చు. టాబ్ వాషరు (పన్ను వంచి నట్టును ఆపే వాషరు) ఒక్కదాన్నే నమ్ముకుంటే టాబ్ కుదిరిన చోటే నట్టు ఆపాలి, మనకు కావలసిన చోట కాదు. ఒక పక్క చీల్చి స్క్రూతో బిగించే నట్టు చేయించుకుంటే రెండో నట్టుతో పనిలేదు.

సరిగ్గా కుదిరితే చేత్తో తిప్పినప్పుడు చుట్టంతా ఒకే బరువు తెలుస్తుంది, వదిలాక గిర్రున తిరగకుండా త్వరగా ఆగుతుంది.

7. మోటారు: వీలైతే బెల్టు పెట్టండి. కప్లింగు గురించి అడిగేవాళ్లకు ముందు ఇచ్చే సలహా ఇదే. కప్లింగుతో మోటారు అదురు నేరుగా స్పిండిల్‌కు చేరుతుంది, వేగం కూడా మోటారుదే అవుతుంది. సింగిల్ ఫేజ్ మోటారు టార్కు (తిప్పే బలం) సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది, ఆ గీతలు జాబు (కోసే వస్తువు) మీద కనిపిస్తాయి. బెల్టు వాటిని కొంత మింగుతుంది. ‘ఏ’ (A) సెక్షన్ వీ బెల్టు, 75 మి.మీ.కి తగ్గని పుల్లీలు సరిపోతాయి. 1,440 మోటారు మీద 100, స్పిండిల్ మీద 75 పెడితే 1,920 వస్తుంది. పుల్లీ వెనక బేరింగుకు 30 మి.మీ. లోపే ఉండాలి. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే 100 మి.మీ. దూరానికి ఒకటిన్నర మి.మీ. దిగితే చాలు, అంతకన్నా బిగిస్తే వెనక బేరింగు మీద భారం.

8. కప్లింగే కావాలంటే ముందు టార్కు లెక్క. కిలోవాట్లను 9,550తో గుణించి తిరుగుళ్లతో భాగించండి. ఒక హెచ్‌పీ, 1,440 అయితే 5 న్యూటన్ మీటర్లు. కట్టరు దెబ్బలకు రెట్టింపు వేసుకుంటే 10. లవ్‌జాయ్ (మధ్యలో రబ్బరు ఉండే పళ్ల కప్లింగు) ఎల్075 మామూలు నల్ల రబ్బరుతో ఇంచుమించు అంతే మోస్తుంది, మిగులు ఉండదు. ఎల్090 తీసుకోండి, 16 దాకా మోస్తుంది, బోరు 25 దాకా పడుతుంది. 80 ఫ్రేము మోటారు షాఫ్టు 19 మి.మీ., కీ 6. స్పిండిల్ తోకను 24కి తిప్పించుకుంటే సరిపోతుంది.

బాల్ స్క్రూలకు వాడే అల్యూమినియం స్ప్రింగు కోత కప్లింగు స్పిండిల్‌కు పెట్టకండి. అది సన్న మోటార్లకు ఉద్దేశించింది, మిల్లింగు దెబ్బలకు చీలిపోతుంది. రెండు షాఫ్టులనూ ఒకే గొట్టంతో బిగించే గట్టి మఫ్ కప్లింగు కూడా వద్దు. మోటారు బేరింగులు రెండు, స్పిండిల్ బేరింగులు రెండు ఒకే గీతలో ఉండటం జరగని పని. బలహీనమైనది ముందు పోతుంది.

లవ్‌జాయ్ క్యాటలాగులో 0.38 మి.మీ. పక్క తేడా, 1 డిగ్రీ వంపు తట్టుకుంటుందని ఉంటుంది. రబ్బరు తెగకుండా ఉండటానికి ఆ హద్దు. స్పిండిల్ అదరకుండా ఉండాలంటే పక్క తేడా 0.05 లోపు ఉండాలి. డయల్ స్టాండును మోటారు వైపు సగానికి బిగించి, ముల్లును స్పిండిల్ వైపు సగం అంచు మీద పెట్టి, రెండు సగాలనూ కలిపి తిప్పండి. డయల్ మొత్తం 0.10 చూపిస్తే అసలు తేడా అందులో సగం. మోటారు పాదాల కింద షిమ్ములు (పలుచని రేకులు) వేసి సరిచేయండి. నాలుగు పాదాలూ నేల తాకుతున్నాయో లేదో ముందే చూడండి, ఒక పాదం గాలిలో ఉంటే బోల్టు బిగించినప్పుడల్లా లెక్క మారుతుంది. రెండు సగాల పళ్లు ఎదుటి ముఖాన్ని తాకకుండా 2 మి.మీ. ఖాళీ వదలండి. కవరు లేకుండా తిప్పకండి.

9. రన్నింగ్. కట్టరు లేకుండా 500 తిరుగుళ్లతో 15 నిమిషాలు, తర్వాత 1,000, 1,500, 2,000, ఒక్కో మెట్టుకు 15 నిమిషాలు. ముందు బేరింగు మీద హౌసింగు వేడి గది వేడికన్నా 15–25 డిగ్రీలు పెరిగి అక్కడ నిలబడాలి. 60 దాటినా, నిలబడకుండా పెరుగుతూ పోతున్నా ఆపేసి, చల్లారాక నట్టు అంచు దగ్గర అర మి.మీ. వదలండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ను మెరిసే ఇనుము మీద తక్కువ చూపిస్తుంది, కొలిచే చోట నల్ల టేపు ముక్క అంటించండి. కోరాపుట్ వైపు డిసెంబరు చలిలో పొద్దున్నే సెట్ చేసినవాళ్లు ఎండాకాలంలో మరోసారి వేడి చూసుకోవాలి.

10. ఈఆర్ టేపరు చివర్లో. ఈఆర్-32 ముక్కుకు మర ఎం40×1.5, లోపలి టేపరు ఒక పక్కకు 8 డిగ్రీలు. షాఫ్టు తిప్పించేటప్పుడు టేపరులో 0.3 మి.మీ. మిగిల్చి ఉంచండి. బేరింగుల్లో కూర్చోబెట్టి, ప్రీలోడ్ పెట్టి, రన్నింగ్ అయ్యాక, స్పిండిల్‌ను దాని మోటారుతోనే తిప్పుతూ 8 డిగ్రీలకు పెట్టిన స్లైడుతో ఆ కాస్త తీయండి. మామూలు క్లాసు బేరింగులో లోపలి రింగు రనౌట్ (తిరిగేటప్పుడు పక్కకు ఊగే తేడా) 18 మైక్రాన్ల దాకా ఉండవచ్చు. షాఫ్టుతో పాటే తిరిగే తేడా కాబట్టి అక్కడికక్కడే కోస్తే టేపరులో అది కనిపించదు. ఖరీదైన బేరింగు లేకుండానే 0.01 లోపు రావడానికి దారి ఇదే.

ఎలా సరిచూసుకోవాలి

టేపరు లోపల లివర్ డయల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పండి, 0.01 లోపు ఉండాలి. తర్వాత కాలెట్లో గ్రౌండ్ పిన్ను బిగించి 50 మి.మీ. బయట చూడండి. ఇక్కడ మాత్రమే ఎక్కువ వస్తే తప్పు కాలెట్‌ది, లేదా నట్టులో మురికి. ఈఆర్ కాలెట్‌ను ముందు నట్టులో టక్కుమని ఇరికించి, ఆ తర్వాతే స్పిండిల్‌కు ఎక్కించాలి.

ముక్కు కింద కర్ర పెట్టి పైకి ఎత్తండి. డయల్ కదిలి, వదలగానే సున్నాకు వస్తే అది వంగడం. వదిలినా సున్నాకు రాకపోతే ఎక్కడో లూజు ఉంది. వేలు కోనుకూ షాఫ్టుకూ కలిపి ఆనించి మళ్లీ ఎత్తండి, కదలిక వేలికి తెలుస్తుంది. కప్పుకూ హౌసింగుకూ మధ్య అలాగే చూడండి.

కోతలో చాటరింగ్ వస్తే ముందు కట్టరు పొడవు తగ్గించండి, తర్వాత వేగం తగ్గించి ఫీడు పెంచండి. అయినా పోకపోతే వేడెక్కాక ఎండ్ ప్లే కొలవండి, చల్లగా ఉన్నప్పటి ప్రీలోడ్ పోయి ఉండవచ్చు. ఒకే తిరుగుడుకు ఒకసారి దబదబ వినిపిస్తే పుల్లీ బ్యాలెన్సు చూడండి. బెల్టు ఒక చుట్టు వచ్చినప్పుడల్లా వినిపిస్తే బెల్టు అతుకు. రెండూ కాక గరగరమంటూ వేగంతో పాటు పెరుగుతుంటే బేరింగు విప్పి, కోను కడిగి, కప్పు ట్రాకును వెలుతురులో గోరుతో తడమండి. గోరుకు తగిలిన గుంట ఏ గ్రీజుతోనూ పోదు, కప్పూ కోనూ కలిపి మార్చాలి.